ఏరు పెట్టిన ముహూర్తం

మన రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు మహానదుల నడుమ కాపురం చేస్తూ కూడా, మనలో ఆ నదుల మీద పడవెక్కినవారు ఎందరని లెక్క తీస్తే రెండు చేతుల వేళ్ళూ ఎక్కువే అవుతాయేమో! తుంగభద్ర ఆనకట్టకు 1953లో నీళ్ళు వచ్చాక, ఎడమ కాలువ కింద భూములు చూసుకొని గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి మన పెద్దలు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులు వేశారు. నీటిని నమ్ముకొని వచ్చినవాళ్ళము. డామ్‌లో ఈవేళ ఎన్ని టి.ఎం.సి.లు ఉన్నాయి, కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్నది మన ఇళ్ళలో బడికి వెళ్ళే పిల్లవాడు కూడా చెబుతాడు. అయినా నీరు మనకు పైరు కోసమేగాని, దాని మీద నాలుగు గడియలు కూర్చొని రావటానికి కూడా పనికివస్తుందన్న ఆలోచన మనకు రాలేదు.

ఆ ఆలోచన మా ఇంట్లో మా అత్తగారికి వచ్చింది. ఆవిడ పుట్టింది నరసాపురం దగ్గర, గోదావరి ఒడ్డున. 1959లో కొత్త కోడలుగా ఈ క్యాంపుకు వచ్చేనాటికి ఆవిడకు పద్ధెనిమిదేళ్ళు. పుట్టింటివారి ఊళ్ళో పడవెక్కటమంటే మనకు బస్సెక్కటం లాంటిదట. పెళ్ళికి పడవ, పేరంటానికి పడవ, లంకలో పొలానికి వెళ్ళాలంటే పడవ. ఇక్కడికి వచ్చాక అరవై ఏళ్ళకు పైబడి కాలువగట్టు మీద నడవటమే తప్ప నీటి మీద తేలింది లేదు. కిందటేడు వానాకాలంలో ఒకనాటి సాయంత్రం, ఏమీ ముందూ వెనకా లేకుండా, "మోకాళ్ళు పూర్తిగా మొరాయించకముందే ఒక్కసారి పడవలో కురువపురం వెళ్ళి రావాలర్రా!" అన్నారు.

కురువపురం సంగతి పాఠకులలో చాలామందికి తెలిసినదే. రాయచూరు తాలూకాలో, కృష్ణ మధ్యనున్న ద్వీపం. కన్నడంలో కురుగడ్డె అంటారు. దత్తావతారమని భక్తులు కొలిచే శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటు. ఆయన జన్మస్థలం ఇప్పటి కాకినాడ జిల్లాలోని పిఠాపురమని, ఇల్లు విడిచి తీర్థాలు తిరిగి చివరకు ఈ ద్వీపంలో స్థిరపడ్డారని, ఆశ్వయుజ బహుళ ద్వాదశినాడు కృష్ణలోనే అంతర్ధానమయ్యారని గురుచరిత్ర సంప్రదాయం. మా అత్తగారు దీన్ని తన పద్ధతిలో చెబుతారు: "ఆయనా మన గోదావరి వైపు నుంచి ఈ రాయచూరు సీమకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడే. మన క్యాంపువాళ్ళకు పెద్దన్న లాంటివాడు." భక్తి సంగతి ఎలా ఉన్నా, ఈ చుట్టరికం మాత్రం మాకు బాగా నచ్చింది.

ద్వీపానికి రెండు దారులున్నాయి. తెలంగాణ వైపు నుంచి వచ్చేవారు మక్తల్ మీదుగా పంచదేవ్ పహాడ్ చేరి అక్కడ నది దాటుతారు. మనవాళ్ళకు రాయచూరు నుంచి ఆత్కూరు మీదుగా దగ్గర. ఏ దారిన వెళ్ళినా దాటించేది పుట్టి. గోదావరి పడవలకు అలవాటుపడిన కళ్ళకు ఇది మొదట పడవలాగే కనబడదు. వెదురుబద్దలతో అల్లిన పెద్ద గంప. పూర్వం దానికి తోలు కప్పేవారు, ఇప్పుడు టార్పాలిన్లు, ప్లాస్టిక్ సంచులు కప్పి తారు పూస్తున్నారు. కన్నడంలో హరిగోలు అంటారు, మన నిఘంటువుల్లోనూ అరిగోలు అన్న మాట ఉన్నది. ముందూ లేదు, వెనకా లేదు, చుక్కానీ లేదు. ఒక్క తెడ్డు. పుట్టి నడిపేవాడు ముందు నిలబడి తెడ్డుతో నీటిని తనవైపు లాక్కుంటూ పోతాడు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్ తుంగభద్రలో ఈ గంపపడవలనే చూసి, ఇవి పదిహేను ఇరవైమందిని మోస్తాయని, తిన్నగా పోక గిరగిర తిరుగుతూనే పోతాయని రాశాడు. అయిదు వందల ఏళ్ళయింది. కప్పే తోలు మారింది గాని తిరగటం మారలేదు.

తిరుగుతుందని పుట్టిని చులకన చేయరాదు. కృష్ణ మన జిల్లాలో రాళ్ళనది. కూసుగా అడుగున్న పడవ అయితే బండలకు తగిలి పగులుతుంది. పుట్టి అడుగు చదును, మోకాలిలోతు నీటిలో కూడా తేలిపోతుంది, బండ తగిలితే వెదురు వంగుతుందేగాని విరగదు. ఒడ్డు చేరాక దాన్ని ఒక్క మనిషే బోర్లించి నెత్తిన పెట్టుకొని ఎగువకు నడిచిపోగలడు. దానికి ఉన్న లోపమల్లా రెండే: వడినీటికి ఎదురు నిలవలేదు, జనం ఒక పక్కకు ఒరిగితే ఓర్చుకోలేదు. మా ప్రయాణపు ఏర్పాట్లన్నీ చివరకు ఈ రెండు లోపాల చుట్టూనే తిరిగాయి.

అత్తగారు మాట అనటమే తడవు, ఇల్లంతా ఏర్పాట్లలో పడింది. ఆవిడకు గురుద్వాదశినాడే వెళ్ళాలని కోరిక. పిల్లలకు దసరా సెలవుల్లో అయితే బాగుండునని. జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా మనవడు సరిగ్గా ఆ రోజుల్లోనే మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. ఇన్ని సౌకర్యాలు ఒకేసారి కలిసి వచ్చాక ఇంకేమి కావాలి? కారు మాట్లాడటం, రాయచూరులో బంధువుల ఇంట బస, ఎవరెవరు రావాలి, పులిహోర ఎవరు చేయాలి అన్నదాకా వెళ్ళింది వ్యవహారం. పదకొండుమంది తేలారు. ఎటొచ్చీ నదిని ఎవరూ అడగలేదు.

మా మనవడు ఫోనులో తన సరస్సు యాత్ర ముచ్చట చెప్పాడు. మ్యూనిక్‌కు ఆగ్నేయాన ఆల్ప్స్ కొండల్లో కోనిగ్‌జే అనే సరస్సు ఉన్నదట. రెండు వైపులా నిలువెత్తు కొండలు, మధ్య పచ్చని నీరు, నీటి ఒడ్డున సెయింట్ బార్తొలొమే అనే పాత గుడి. యాత్రికులు, వినోదానికి వచ్చేవారు అందరూ పడవలోనే వెళ్ళాలి. 1909 నుంచి అక్కడ కరెంటు పడవలే నడుస్తున్నాయి, పొగ లేదు, చప్పుడు లేదు. సరస్సు నడుమ పడవ ఆపి బాకా ఊదితే కొండ తిరిగి పలుకుతుందట. వేళల పట్టిక చూసి, టిక్కెట్టు కొని, ఎక్కి కూర్చోవటమే. "మన దగ్గర కూడా ఇలా ఎందుకు ఉండదు, మామ్మా?" అన్నాడు.

అత్తగారు అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "అక్కడ పడవలు ఎప్పుడూ మునగలేదా, నాయనా?"

వాడు వెతికి చూసి మర్నాడు చెప్పాడు. మునిగిందట. 1688 ఆగస్టులో ఆ గుడికి వెళ్ళే యాత్రికుల పడవ కొండరాయి దగ్గర మునిగి సుమారు 70 మంది చనిపోయారట. ఆ రాతి మీద వారి గుర్తుగా ఎర్రని శిలువ ఈనాటికీ ఉన్నదట. ఆ సరస్సు గడ్డకట్టినప్పుడు, వేళల పట్టికలో ఏమున్నా సరే, పడవలు కదలవట. ఆవిడ తల పంకించి, "ఉన్నట్టుండి రాలేదన్నమాట ఆ పద్ధతి" అన్నారు. చక్కని పడవలూ పట్టికలూ మాకు కనబడ్డాయి, దాని వెనక ఉన్న శిలువ ఆవిడకు కనబడింది.

మన వైపు శిలువలు నాటే ఆచారం లేదుగాని, జ్ఞాపకాలు లేకపోలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నది వరద మీద ఉన్న రోజు అది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. 2020 ఆగస్టులో మన కురువపురం పక్కనే, కురువకల ద్వీపవాసులు పంచదేవ్ పహాడ్ నుంచి తిరిగివస్తుండగా పుట్టి బోల్తాపడి నలుగురు నదిపాలయ్యారు. వారు యాత్రకు వెళ్ళినవారు కారు. ఇంట్లోకి సరుకులు కొనుక్కొని వస్తున్నవారు. మనకు ఏడాదికొక ముచ్చటైన పుట్టి ప్రయాణం వారికి నిత్యజీవితం. వంతెన కావాలని ద్వీపాలవారు ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఇందుకే. నది అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవటం న్యాయం కాదు.

ఇంతకూ మేము ఆత్కూరు వైపు పుట్టి నడిపే ఒక పెద్దమనిషి ఫోను నంబరు సంపాదించాము. తరతరాలుగా నది మీద బతికే అంబిగుల కుటుంబం. సరిహద్దు ఊళ్ళవారు కావటంతో కన్నడం, తెలుగు కలగలిపి మాట్లాడతాడు. ద్వాదశికి పది రోజుల ముందు తేదీ చెప్పి, రెండు పుట్లు కావాలన్నాము. మనిషికి ఎంతని అడిగాము. ఆయన డబ్బు మాట ఎత్తలేదు.

"ముసలమ్మకు ఎన్నేండ్లు?" అన్నాడు. చెప్పాము.

"ఏరు ఎర్రగా ఉంది. ఎర్రనీళ్ళున్నన్నాళ్ళు పెద్దోళ్ళను, పసిపిల్లల్ను నేను ఎక్కించుకోను. ఆ దినం జనం కూడా ఎక్కువ, పుట్టికి పది మంది అంటే ఇరవై మంది ఎక్కుతారు. మీకు దేవుడు కావాల, నాకు మీరు కావాల. నీళ్ళు తేటపడినాక నేనే ఫోన్ చేస్తా" అని పెట్టేశాడు.

ఇంట్లో పెద్ద దుమారమే రేగింది. సెలవు పెట్టుకొని సముద్రాలు దాటి వచ్చినవాడికి కోపం రావటం సహజమే. వేరే పుట్టివాణ్ణి చూద్దామని ఒకరు, ఎక్కువ డబ్బు ఇస్తే వాడే వస్తాడని ఒకరు, ద్వాదశి తప్పితే ఫలం తప్పుతుందేమోనని ఒకరు. నారాయణపూర్ ఆనకట్ట నుంచి వదిలే నీరు తగ్గిందని పత్రికలో వచ్చింది కదా, ఇంకా భయమెందుకు అని మా పెద్దబ్బాయి వాదం.

ఇక్కడ మా వాళ్ళ క్యూసెక్కుల పరిజ్ఞానం అక్కరకు వచ్చింది. పటం ముందు వేసుకొని చూశాము. కురువపురానికి వచ్చే నీరు నారాయణపూర్‌ది ఒక్కటే కాదు. రాయచూరుకు ఉత్తరాన, ద్వీపానికి ఎగువనే, భీమ వచ్చి కృష్ణలో కలుస్తున్నది. మహారాష్ట్రలో ఆలస్యంగా వానలు పడితే భీమ నిండుతుంది. కృష్ణ తగ్గిన రోజున భీమ పెరగవచ్చు. దిగువన జూరాల ఆనకట్ట వెనక నీరు నిలబడుతుంది. అంటే, మూడు చోట్ల కబురు తెలిస్తేగాని ఆ ద్వీపం చుట్టూ నీరు ఎలా ఉన్నదో చెప్పలేము. పుట్టి నడిపే ఆయన అవన్నీ లెక్క కట్టలేదు. నీటి రంగు చూశాడు, అంతే. రెండు లెక్కలూ ఒకే జవాబు చెప్పాయి.

అయినా వాదన ఆగలేదు. దాన్ని ఆపింది అత్తగారే. అప్పటిదాకా మంచం మీద కూర్చొని అందరి మాటలూ విన్నారు. "మా నాన్న గోదావరి దాటేటప్పుడు పడవ సరంగుకు నమస్కారం పెట్టి ఎక్కేవాడు. మునసబూ కరణమూ కూడా ఎక్కాక వాడి మాట వినవలసిందే. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారు. మీరు ఏరు దాటకముందే వాణ్ణి బోడిమల్లయ్యను చేస్తున్నారు. నాకు ఎనభై దాటాయి. నేను పోతే పోతాను, నా వెంట పసివాళ్ళు పదిమంది ఎందుకర్రా? ద్వాదశినాడు ఇంట్లో దీపం పెడతాను. ఏటి దగ్గరకు ఏరు పిలిచినప్పుడే వెళదాం" అన్నారు.

ఆవిడ మాట అన్నంత తేలిక కాదు అది. ఆ వయసులో 'తరువాత వెళదాం' అనటంలో, తరువాత అన్నది ఉండకపోవచ్చునన్న ఎరుక కూడా ఉంటుంది. ఆ సంగతి మాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. మా మనవడు తిరుగు ప్రయాణమయ్యే రోజున ఆవిడ వాడి చేయి పట్టుకొని చాలాసేపు వదలలేదు. ఆ చలికాలమంతా ఆవిడకు చిన్న దగ్గు వచ్చినా మా ప్రాణాలు గుబగుబలాడాయి.

రాయచూరు చరిత్రలో నది మాట వినని పెద్దవాళ్ళు లేకపోలేదు. 1520 మే నెలలో కృష్ణదేవరాయలకూ బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాకూ ఈ కోట కోసమే యుద్ధం జరిగింది. ఓడిన సేన తరమబడి కృష్ణలో పడి, కత్తికి చావనివారు నీటికి చచ్చారని చరిత్రకారులు రాశారు. వాళ్ళది తప్పనిసరి. మనకా తొందర ఏమున్నది?

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు ఫోను వచ్చింది. "ఏరు తేటగుంది. రండి" అన్నాడు. ఈసారి పదకొండుమందిమి కాము, ఏడుగురమే. రాయచూరులో రాత్రి ఉండి, పొద్దున్నే బయలుదేరాము. లైఫ్ జాకెట్లు ముందే కొని ఉంచాము. అత్తగారు చీర మీద అది తొడుక్కొని, "కొత్త రవిక బాగుందా?" అని నవ్వారు. పుట్టిలో గొంతుక్కూర్చోవటం ఆవిడ మోకాళ్ళకు సాధ్యం కాదు. ఇంటి నుంచి తెచ్చిన పొట్టి పీట నడిమధ్యన వేయవచ్చునా అని అడిగితే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత గోనె మడిచి కింద పెట్టి వేయించాడు. ఒకతను నీటిలో దిగి పుట్టి అంచు పట్టుకున్నాడు. అంచు మీద కాలు పెట్టకుండా, నడుమన కాలు పెట్టి ఎక్కాలి. మిగతావాళ్ళము చుట్టూ సమంగా కూర్చున్నాము. పిల్లలు చేతులు నీటిలో పెట్టబోతే ఆయన గద్దించాడు. ఆ నదిలో మొసళ్ళున్నాయి.

ఎదుటి ఒడ్డు తిన్నగా కనబడుతున్నా, ఆయన ముందు ఒడ్డు వెంటనే ఎగువకు నడిపించి, అక్కడి నుంచి వాలుగా వదిలాడు. ప్రవాహం తన పని తాను చేసి మమ్మల్ని రేవుకు చేర్చింది. పుట్టి మెల్లగా తిరుగుతుంటే, మేము కదలకుండా కూర్చున్న చోటనే నాలుగు దిక్కులూ ఒకదాని తరువాత ఒకటి కళ్ళ ముందుకు వచ్చాయి: బండలు, వాటి మీద కొంగలు, ద్వీపంలోని పచ్చని చెట్లు, మళ్ళీ మేము వదిలిన ఒడ్డు. కరెంటు పడవలో అందరూ ఒకే వైపు చూడాలి. పుట్టిలో ఎవరికీ కిటికీ పక్క సీటు కోసం తగవు లేదు!

ద్వీపం ఒడ్డున దిగగానే అత్తగారు చుట్టూ చూసి, "గడ్డె గడ్డె అంటారేమిటి, ఇది మా లంకేగా!" అన్నారు. గుడి, గుహ, పెద్ద మర్రి చూసుకొని, మర్రినీడన మా పులిహోర, రాయచూరు బంధువులు కట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు, గురెళ్ళపొడి తిన్నాము. పొద్దు వాలకముందే తిరిగి దాటాలన్నది ఆయన షరతు. మూడింటికల్లా ఇవతలి ఒడ్డున ఉన్నాము. అత్తగారు దిగి ఆయనకు రెండు చేతులూ జోడించారు. ఆయన కంగారుపడి, "నాకెందుకమ్మా, ఏటికి పెట్టండి" అన్నాడు. ఇద్దరికీ పెట్టారు.

మన క్యాంపుల నుంచి ఇలాంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు నాలుగు మాటలు మనవి. పంచాంగమూ సెలవుల పట్టికా చూసే ముందు నది సంగతి కనుక్కోండి. జూలై నుంచి అక్టోబరుదాకా వరద రోజులు, సంక్రాంతి తరువాత మంచి అదను. నారాయణపూర్ కబురుతో పాటు భీమ కబురూ కనుక్కోండి. ఉత్సవాల రోజున కాక మామూలు రోజున వెళ్ళండి, స్వామి అక్కడే ఉంటాడు. లైఫ్ జాకెట్లు అక్కడ ఉంటాయని నమ్ముకోక మీవి మీరే తీసుకుపోండి. పుట్టికి ఎందరన్నది నడిపేవాడు చెప్పాలి, మీరు కాదు. రావద్దని చెప్పిన రోజున ఆయనతో బేరం ఆడకండి. ఆ రోజు ఆయన పోగొట్టుకున్న కూలి, వెళ్ళిన రోజున మరికాస్త కలిపి ఇస్తే ఉభయులకూ మేలు.

మా మనవడు వచ్చే ఏడు సెలవు జనవరిలో పెట్టుకుంటానని రాశాడు. ఈసారి నారదగడ్డకు వెళదామని పిల్లల పట్టు. తేదీ ఇంకా అనుకోలేదు. ఫోను కోసం చూస్తున్నాము.